నీమాను పాస్‌పోర్టు అడగని ఊరు

మా కాలేజీకి శీతాకాలం సెలవులిచ్చే ముందురోజు నీమా ల్యాబ్ బయట నా కోసం నిలబడి ఉంది. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో నేను కెమిస్ట్రీ చెప్పే ఫార్మసీ కాలేజీలో ఆమె మూడో ఏడాది విద్యార్థిని. సొంతూరు టాంజానియాలో టాంగా అనే రేవు పట్టణం. నెత్తిన ఉన్ని టోపీ, మెడకు రెండు స్కార్ఫులు. పొగమంచులో కాలేజీ గేటు కూడా కనిపించడం లేదు.

“మేడం, సెలవుల్లో మీకు పనులేమైనా ఉన్నాయా?” అని ఇంగ్లీషులో అడిగింది. “గుజరాత్ తీరంలో మావాళ్ళ ఊళ్ళున్నాయి. నాతో వస్తారా?”

మావాళ్ళు అంటే సిద్దీలు. వందల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికా తీరం నుంచి తెరచాప ఓడల్లో మన పడమటి తీరానికి చేరినవాళ్ళ సంతతి. కొందరు నావికులుగా వచ్చారు, కొందరు సైనికులుగా వచ్చారు, చాలామందిని బానిసలుగా తెచ్చి అమ్మారు. నవాబుల కోటలకు కాపలా కాశారు, కొన్నిచోట్ల తామే కోటలేలారు. ఇప్పుడు సౌరాష్ట్రలో గిర్ అడవి అంచున పొలాలు, మామిడి తోటల్లో పనిచేసుకుంటున్నారు.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. మా విజయనగర్ కాలనీ నుంచి బస్సెక్కితే రెండో స్టాపు ఏసీ గార్డ్స్. డిగ్రీకి వచ్చేదాకా ఏసీ అంటే చల్లగాలి మిషనే అనుకున్నాను. నిజాం దగ్గరి ఆఫ్రికన్ కావల్రీ, అంటే ఆఫ్రికన్ గుర్రపుదళం, ఉన్న చోటు గనక ఆ పేరొచ్చిందని ఎవరో చెబితే, అవునా అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం గుర్తొచ్చి నీమాకు సరేనన్నాను. సరేననడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

“మమ్మా, సీరియస్లీ? చార్ దిన్?” అంది మా అమ్మాయి. దానికి తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు.

అహ్మదాబాద్: రాతి కిటికీ

మొదటిరోజు అహ్మదాబాద్‌లో ఆగాం. పాతబస్తీ మొదట్లో, నాలుగు వైపులా ట్రాఫిక్ మధ్య, ఒక చిన్న మసీదు ఉంది. దాని రాతి కిటికీలో చెట్టు కొమ్మలు అల్లుకున్నట్టు చెక్కిన జాలీ బొమ్మ గుజరాత్‌లో చీరల మీదా, స్వీటు డబ్బాల మీదా కనిపిస్తూనే ఉంటుంది. కట్టించినవాడు హబ్షీ సర్దారని అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన చెప్పాడు. హబ్షీ అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాడు.

“బానిసగా వచ్చాడా, సర్దారుగా వచ్చాడా?” నీమా తన బజారు హిందీలో అడిగింది.

“రెండూ అయ్యుండొచ్చు బేటీ. అప్పట్లో అలా జరిగేది,” అన్నాడాయన.

నీమా ఆ కిటికీ కింద చాలాసేపు నిలబడింది. ఫొటో తియ్యమంటుందేమోనని నేను ఫోను పట్టుకునే ఉన్నాను. అడగలేదు.

భోజనానికి ఒక గుజరాతీ థాలీ హోటలుకు వెళ్ళాం. మూడువందల రూపాయలకు వాళ్ళు వడ్డించడం ఆపరు, మనమే చెయ్యి అడ్డం పెట్టాలి. పప్పులో బెల్లం, కూరలో బెల్లం. రెండు వాయిలయ్యాక నాకు ఆవకాయ గుర్తొచ్చింది. నీమా మాత్రం కఢీ అనే తియ్యటి మజ్జిగపులుసు మూడుసార్లు పోయించుకుని తాగింది.

వేరావల్: రేవులో తెలుగు

రెండోరోజు వేరావల్ లాడ్జిలో గుమస్తా నీమాను చూడగానే గుజరాతీలో గడగడా ఏదో అడిగాడు. ఆమె నవ్వి తల అడ్డంగా ఊపింది.

“జంబూరా, సిర్వాణా?” అన్నాడతను, ఈసారి హిందీలో. రెండూ సిద్దీల ఊళ్ళు. “ఆధార్ ఇవ్వండి చాలు.”

నీమా పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. అతను దాన్ని తిప్పి చూసి, ఆమెను చూసి, మళ్ళీ దాన్ని చూశాడు. విదేశీయులు దిగితే ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలట. ఆ లాడ్జిలో ఎవరూ ఎప్పుడూ నింపలేదట. యజమానికి ఫోను, ఆయన కొడుకుకి ఫోను, పాస్‌వర్డు కోసం ఇంకెవరికో ఫోను. గంటన్నర సోఫాలో కూర్చున్నాం. నాకు చిరాకేసింది. నీమా ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“మూడేళ్ళలో మొదటిసారి మేడం,” అంది. “నన్ను చూసి ఈ దేశపు మనిషి అనుకున్నారు.”

సాయంత్రం రేవుకు వెళ్ళాం. రంగురంగుల చెక్క బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వందల్లో ఉన్నాయి. ఒడ్డున కొత్త బోట్లు కడుతున్నారు. చెక్కపొట్టు వాసనా ఎండుచేపల వాసనా కలిసి వస్తోంది. నేను మా అమ్మాయితో ఫోనులో మాట్లాడుతుంటే, పక్క బోటులో వల బాగుచేస్తున్న మనిషి తలెత్తాడు.

“ఏ ఊరమ్మా మీది?”

అతని పేరు అప్పన్న. ఊరు శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునట.

“పన్నెండేళ్ళయిపోనాదమ్మా ఈ రేవుకొచ్చి. ఈ బోట్లన్నీ తిరిగి సూడండి, సగం మనోళ్ళే కనబడతారు. సేపల ఏట ఆపేసిన నెలల్లో ఇంటికెల్తాం, మళ్ళీ వత్తాం,” అన్నాడు. తర్వాత నీమాను చూశాడు. “ఈ పాప జంబూరమ్మాయేటి?”

“కాదన్నా, ఆఫ్రికా. చదువుకోవడానికి వచ్చింది.”

“ఆఫిరికా నుంచా! బావుంది. మాకన్నా దూరం వచ్చేసింది.”

బోటు మీదే మాకు అన్నం పెట్టాడు. చింతపండు పులుసులో పాప్లెట్ చేప ముక్కలు, అహ్మదాబాద్ తర్వాత నాకు ప్రాణం లేచొచ్చింది. కొబ్బరిపాలు పోస్తే ఇది తమ ఇంటి కూరే అంది నీమా. తింటూ, ఇక్కడ గాలి ఏ నెలలో ఎటునుంచి వీస్తుందో అడగమంది. నేను అడిగాను.

“ఇప్పుడు ఉత్తరం పక్క నుంచి దిగతాదమ్మా. వానల ముందు తిరగబడి దచ్చినం నుంచి కొడతాది,” అన్నాడు అప్పన్న.

నీమా తల ఊపింది. ఆ రెండు గాలులకూ తన భాషలో పేర్లున్నాయట: కస్కాజీ, కుసీ. కస్కాజీతో ఇక్కడి ఓడలు వాళ్ళ తీరానికి గుడ్డలు, పూసలు తీసుకుని వెళ్ళేవి. కుసీ మొదలయ్యాక ఏనుగు దంతాలతో, బానిసలుగా పట్టిన మనుషులతో తిరిగి వచ్చేవి.

“గాలి మళ్ళీ తిరిగేదాకా ఆగి ఇంటికి పోగలిగినవాళ్ళు వర్తకులు,” అంది. “పోలేనివాళ్ళ పిల్లలు జంబూరులో ఉన్నారు.”

చెయ్యి కడుక్కుంటూ అప్పన్న అడిగాడు: “ఢిల్లీలో పాపకి ఇబ్బందేటీ లేదు కదమ్మా? పరాయి ఊళ్ళో పక్కింటోళ్ళు మంచోళ్ళవ్వాల.”

నేను ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. నీమా నన్ను ఒక్క క్షణం చూసి, “చలి ఎక్కువ అని చెప్పండి,” అంది. చెప్పాను.

మర్నాడు పొద్దున వేడివేడి శనగపిండి గాఠియాలు, వేయించిన పచ్చిమిర్చి, బొప్పాయి తురుము తింటుండగా నీమా వాళ్ళమ్మ ఫోను చేసింది. స్వాహిలీలో మాట పెరిగింది. ఫోను పెట్టేశాక సంగతి చెప్పింది. చెల్లెలు జవాదికి మా కాలేజీలోనే చేరాలని ఉంది. దరఖాస్తుకు నెలాఖరు వరకే గడువు. ‘అక్కడ ఆడపిల్ల బతకగలదా, పంపమంటావా వద్దా’ అని తల్లి అడుగుతోంది. నీమా రెండు వారాలుగా జవాబు చెప్పడం లేదు.

“ఏం చెబుదామనుకుంటున్నావు?” అన్నాను.

“ఇంకా తెలియదు మేడం.”

జంబూర్: హసీనాబెన్ ఇల్లు

జంబూరుకు మమ్మల్ని తీసుకెళ్ళింది ఇమ్రాన్. అతనూ సిద్దీయే. అతనిది ఛకడో, అంటే ముందు మోటారు సైకిలు, వెనక బల్లలున్న మూడు చక్రాల బండి. నడుస్తుంటే బోరు మోటారులా చప్పుడు చేస్తుంది. దారి పొడుగునా నీమాతో గుజరాతీలో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊ కొడుతూనే ఉంది. తలాలా అనే ఊరు దాటాక రోడ్డు పక్క బెల్లం వండుతున్నారు. ఆ వాసనకు ఆగుదామనుకునేలోపు బండే ఆగిపోయింది. గొలుసు తెగింది. అది అతికేదాకా వేడి బెల్లం పాకం ఆకులో పోసుకుని నాకుతూ కూర్చున్నాం. నా నాలుక కాలింది. కాసేపు మండుతూనే ఉంది.

ఇమ్రాన్ మమ్మల్ని నేరుగా తన ఇంటికే తీసుకెళ్ళాడు. అతని తల్లి హసీనాబెన్‌కు అరవై అయిదు దాకా ఉంటాయి. వాకిట్లో వేరుశనగ ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి, నా నమస్కారం అందుకుని, నీమా రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇంత బక్కగా ఉందేం? ఢిల్లీవాళ్ళు తిండి పెట్టరా?” అని నన్నడిగింది.

సజ్జ రొట్టె, కాల్చిన వంకాయ కూర, వెల్లుల్లి కారం, మజ్జిగ. మన జొన్నరొట్టె, వంకాయ పచ్చడికి ఇవి తోబుట్టువులే. టీ సాసరులో పోసి ఇచ్చారు. నేను మీద ఒలకబోసుకున్నాను. నీమా ఒక్క చుక్క ఒలకకుండా తాగింది.

ఇమ్రాన్ సిద్దీల ధమాల్ నాట్య బృందంతో ఢిల్లీ వచ్చాడట ఒకసారి. కరోల్ బాగ్‌లో ఒక లాడ్జివాడు పాస్‌పోర్టు చూపించమన్నాడట. “ఆధార్ ఇస్తే దొంగ కార్డన్నాడు. గుజరాతీలో తిట్టాను. అప్పుడు నమ్మి తాళం ఇచ్చాడు,” అని నవ్వాడు. హసీనాబెన్ నవ్వలేదు.

నీమా తన అమ్మమ్మ చెప్పిన కథ చెప్పింది. వాళ్ళ వంశంలో ఎప్పుడో ఇద్దరు అక్కచెల్లెళ్ళు నీళ్ళకు వెళ్ళారట. ఒకతే తిరిగొచ్చిందట. రెండో పిల్లను బానిసల వర్తకులు తీరానికి తోలుకుపోయారని చెప్పుకున్నారు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఆడపిల్లలను ఒంటరిగా నీళ్ళకు పంపరు. నేను హిందీలో చెబుతుంటే హసీనాబెన్ చేతిలో పని ఆపేసింది.

“మీ ఇంట్లో పోయిన పిల్ల సంగతి గుర్తుంది,” అంది చివరికి. “మాకు ఓడ దిగిన సంగతి తెలుసు. ఏ ఇంట్లోంచి వచ్చామో చెప్పినవాళ్ళు లేరు.”

ఆ రోజు గురువారం. సాయంత్రం దర్గా ముందు ధమాల్ మొదలైంది. ముగర్మాన్ అనే నిలువు డోలు, ఆడవాళ్ళ చేతుల్లో ఆకుపచ్చ గుడ్డ చుట్టిన కొబ్బరిచిప్ప గిలక. ఆ దరువు వినగానే హైదరాబాద్ పెళ్ళిళ్ళలో మర్ఫా డప్పుల మోత గుర్తొచ్చింది. ఆ మోతకు నేను చిన్నప్పుడు కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఒకతను కొబ్బరికాయను ఎగరేసి నెత్తి మీద పగలగొట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

పాటలో మాటలకు అర్థం హసీనాబెన్‌కు తెలియదు. తన అమ్మ పాడింది, తను పాడుతోంది. నీమా మళ్ళీ మళ్ళీ పాడించుకుని, గోమా అన్న ఒక్క మాట పట్టుకుంది. తన భాషలో ఙోమా అంటే డోలు, ఆట కూడా. మిగతావి తనకు తెలిసిన మాటలు కావంది. ఆమె ఇంకా చాలా దొరుకుతాయనుకుని వచ్చింది. ముఖం చూస్తే తెలిసింది.

అంతలో సింహాలను చూడ్డానికి వచ్చిన టూరిస్టులు కారు దిగారు. వాళ్ళలో ఒకాయన ఫోను నీమా ముఖం మీదకు పెట్టి, “దీదీ, థోడా డాన్స్ దిఖావో,” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే హసీనాబెన్ మధ్యలోకి వచ్చింది. “అది మందుల చదువు చదువుతున్న పిల్ల. ఆట కావాలా? నేను ఆడతా చూడు,” అని కొంగు బిగించి ఆ డోళ్ళ మధ్యకు వెళ్ళింది. ఆ వయసులో ఆ కాళ్ళు అంత తేలికగా లేస్తాయని నేననుకోలేదు. కాసేపటికి నీమా తనంతట తనే వెళ్ళి పక్కన చేరింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

జంబూర్: మామిడి తోట

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాం. మర్నాడు బయల్దేరే ముందు హసీనాబెన్ నన్నడిగింది.

“ఈ పిల్ల నీ ఇంట్లోనే ఉంటుందా?”

“లేదు. వేరేచోట గది తీసుకుంది.”

“ఎందుకు? నీ ఇల్లు చిన్నదా?”

“కాదు. మూడు పడగ్గదులు.”

“మరి?”

నేను వంగి సంచీ జిప్పు లాగుతూ కూర్చున్నాను. ఆమె రెట్టించలేదు. నీమాకు బెల్లం అచ్చు ఒకటి మూటకట్టి ఇచ్చి లోపలికి వెళ్ళింది.

బండి కోసం మామిడి తోట పక్కన నడుస్తున్నప్పుడు, సరేననడానికి ఇంకో కారణం ఉందన్నానే, అది నీమాకు చెప్పేశాను. కిందటేడు మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఒక కాగితం తిరిగింది. ఆఫ్రికన్ విద్యార్థులకు ఇళ్ళు అద్దెకివ్వరాదని తీర్మానం. గట్టిగా పాటలు పెడతారని, వేళకాని వేళ వస్తారని అందులో రాశారు. కార్యదర్శి మా తలుపు కొట్టినప్పుడు పొయ్యి మీద కుక్కరుంది. చదవకుండా సంతకం పెట్టానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. చదివే పెట్టాను. అప్పుడు సీ బ్లాకులో నీమా, ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు. మూడు వారాల్లో ఖాళీ చేశారు. వాళ్ళు సామాను ఆటోలో ఎక్కిస్తుంటే నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ చూశాను.

నీమా నడుస్తూనే ఉంది.

“నాకు తెలుసు మేడం. ఆ కాగితం లిఫ్టు పక్కన అంటించారు కదా. మీ సంతకం నా ల్యాబ్ రికార్డులో ప్రతి పేజీ మీదా ఉంది.”

“తెలిసీ నన్నెందుకు రమ్మన్నావు?”

“ఒంటరిగా వస్తే నాకు గది ఎవరిస్తారు? మీతో అయితే ఇస్తారు.”

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేదేమో. క్షమించమని అడిగాను.

“అది తర్వాత చూద్దాం. మీరిప్పుడు ఏం చేస్తారో చెప్పండి. మా అమ్మకు నేనేం చెప్పాలో అప్పుడు తెలుస్తుంది.”

అంతలో బండి వచ్చింది, ఎక్కాం. తిరుగు ప్రయాణంలో మామూలుగానే మాట్లాడుకున్నాం. ఆమె నారింజ తొనలు ఒలిచి నాకూ పెట్టింది. రైలు ఢిల్లీ పొగమంచులోకి వచ్చి ఆరుగంటలు ఆలస్యమైంది. స్టేషన్ బయట టాక్సీవాడు నీమాను చూసి నాతో రేటు రెట్టింపు చెప్పాడు. మెట్రో ఎక్కాం.

తిరిగి గ్రేటర్ నోయిడా

ఆ కాగితం రాసింది మా బ్లాకులో నాలుగో అంతస్తులో ఉండే తెలుగాయన. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి. సొసైటీలో ఏ కాగితమైనా ఆయన చేతుల మీదుగానే వెళుతుంది. వచ్చిన మర్నాడే ఆయన తలుపు తట్టాను.

“అంకుల్, నా సంతకం వెనక్కి తీసుకుంటాను.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సంతకం వెనక్కి తీసుకోవడానికి ప్రొసీజర్ ఏం లేదమ్మా.”

“అయితే ఏం చెయ్యాలి?”

“ముందు కూర్చో. ఏం జరిగింది?”

రాతి కిటికీ నుంచి మామిడి తోట దాకా అన్నీ చెప్పాను. మధ్యలో ఒక్కసారే ఆపారు. “బండి డ్రైవరు, ఆ ఇమ్రాన్... మన దేశస్థుణ్ణే పాస్‌పోర్టు అడిగారా?” అని. అవునన్నాను. “అయితే నేను రాసిన కాగితం అతనికీ తలుపు మూస్తుంది,” అన్నారు. తర్వాత లేచి వెళ్ళి లెటర్ ప్యాడ్ తెచ్చుకున్నారు. తను రాసిన తీర్మానానికి తనే అభ్యంతరం రాశారు, పాయింట్ల వారీగా. కింద మొదటి సంతకం ఆయనదే, రెండోది నాది.

దాన్ని లిఫ్టు పక్కన అంటించాం. కార్యదర్శి రెండుసార్లు పీకేశాడు. అంకుల్ రెండుసార్లూ కొత్త కాపీ అంటించారు. నెలాఖరుకు మూడు రోజుల ముందు సమావేశం జరిగింది, గంటన్నర అరుపులు. తీర్మానం పోలేదు. మా కాగితం మీద పదకొండు సంతకాలు పడ్డాయి.

జవాది దరఖాస్తు గడువు దాటకముందే, ఆదివారం నీమాను భోజనానికి పిలిచాను. పప్పుచారు, బెండకాయ వేపుడు, కోడికూర. మా అమ్మాయి ఆమెను హాస్టళ్ళ గురించి ప్రశ్నలతో విసిగించింది. తిన్నాక సంగతంతా చెప్పాను.

“రూలు పోయిందా?” అంది.

“పోలేదు.”

“పదకొండు అన్నారు. ఎన్ని ఇళ్ళలో?”

“నూట అరవై.”

“అయితే నేను బెల్లు కొట్టగల ఇళ్ళు పదకొండున్నాయి,” అంది. మా బాల్కనీలోకి వెళ్ళి వాళ్ళమ్మకు ఫోను చేసింది.

ఆగస్టులో జవాది వచ్చింది. అంకుల్ వాళ్ళకు మా బ్లాకులోనే, వాళ్ళ ఎదురుగా, కొడుకు కోసం కొని ఖాళీగా పెట్టిన ఫ్లాటుంది. దాన్ని అక్కచెల్లెళ్ళకు అద్దెకిచ్చారు. సామాను దిగిన రోజు కార్యదర్శి కిందికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాల్కనీల్లోంచి కొందరు చూస్తున్నారు. నేను ఒక సూట్‌కేసు పట్టుకున్నాను. సన్నగా చినుకులు మొదలయ్యాయి. అంకుల్ లిఫ్టు తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, “లోపలికి రండమ్మా, తడుస్తారు,” అని తెలుగులో కేకేశారు. వాళ్ళకు తెలుగు రాదన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఇద్దరూ పెట్టెలు లాక్కుంటూ లోపలికి వెళ్ళారు.